దొంగని కాదు, అడుగుజాడల్ని వెతకాలి

మన వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఒక రకం బగ్గు బాగా పరిచయమే. ప్రొడక్షన్లో వస్తుంది, క్లయింటు కేకలేస్తాడు, మనం హడావిడిగా లాగినయి చూసేసరికి ఏమీ ఉండదు. డీబగ్గర్ తగిలిస్తే రాదు, తీసేస్తే మళ్ళీ వస్తుంది. దీనికి హైజెన్‌బగ్ అని ముద్దుపేరు కూడా ఉంది. సరిగ్గా ఇలాంటి బగ్గే మనిషి ఒంట్లో ఉంటే? ఉంటుంది. దాని పేరు ఫియోక్రోమోసైటోమా. పేరు పలకడానికి నోరు తిరగదు, నిజమే. చదవడం పూర్తయ్యేసరికి అలవాటైపోతుంది లెండి.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. ఇది వైద్య సలహా అంతకన్నా కాదు. ఈ జబ్బుని పట్టుకోడానికి నూట పాతికేళ్ళ పైచిలుకు డాక్టర్లూ, కెమిస్టులూ పడ్డ పాట్ల కథ ఇది. చదువుతుంటే నాకు అచ్చం ఒక పెద్ద డీబగ్గింగ్ కథ చదువుతున్నట్టే అనిపించింది, అందుకే రాస్తున్నా.

ముందు జబ్బు సంగతి. మన రెండు కిడ్నీల మీదా టోపీ పెట్టినట్టు చెరో చిన్న గ్రంథి ఉంటుంది, అడ్రినల్ గ్రంథి. దాని లోపలి భాగం అడ్రినలిన్, నోరడ్రినలిన్ అనే హార్మోన్లని తయారుచేస్తుంది. కుక్క వెంటపడ్డప్పుడు గుండె దడదడలాడి, చెమటలు పట్టి, కాళ్ళకి ఎక్కడలేని వేగం వస్తుంది చూడండి, అది వీటి చలవే. చాలా అరుదుగా, ఏడాదికి పది లక్షల మందిలో ఏ ఇద్దరు ముగ్గురికో, మహా అయితే ఎనిమిది మందికో, అక్కడ ఒక గడ్డ లేస్తుంది. ఆ గడ్డ ఈ హార్మోన్లని తన ఇష్టం వచ్చినప్పుడు, ఇష్టం వచ్చినంత కుమ్మరిస్తుంది. కుక్క లేదు, ఏమీ లేదు. మనిషి కుర్చీలో ప్రశాంతంగా కూర్చునుండగా తల పగిలిపోయే నొప్పి, ఒళ్ళంతా చెమట, గుండెదడ, ఆకాశానికంటే బీపీ. పావుగంటో అరగంటో అయ్యాక అంతా మామూలే. ఆస్పత్రికెళ్ళేసరికి బీపీ బాగానే ఉంటుంది, ఈసీజీ బాగానే ఉంటుంది. డాక్టరు గారు భుజం తట్టి "టెన్షన్ తగ్గించుకోండి" అంటారు. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది. పట్టుకోకుండా వదిలేస్తే పక్షవాతంగానో, గుండెపోటుగానో ప్రాణం తీయగలదు. పట్టుకుంటే మాత్రం చాలామందికి ఆపరేషనుతో నయమైపోతుంది. ఈ కథలో పణం అదన్నమాట.

కథ 1886లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో మొదలవుతుంది. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. ఉన్నట్టుండి గుండెదడ, తలనొప్పి, చెమటలు, వాంతులు. కొన్నాళ్ళకి చనిపోయింది. శవపరీక్షలో రెండు అడ్రినల్ గ్రంథుల్లోనూ గడ్డలు కనిపించాయి. ఫెలిక్స్ ఫ్రెంకెల్ అనే డాక్టరు ఆ కేసుని వివరంగా రాసిపెట్టాడు. అప్పటికి అడ్రినలిన్ అనే పదార్థం ఒకటుందని ఎవరికీ తెలీదు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే సాధనాన్ని ఇటలీలో రివా-రోచి తయారుచేసింది 1896లో, అంటే ఇంకో పదేళ్ళకి. ఏం కొలవాలో తెలీదు, కొలిచే సులువైన సాధనమూ లేదు. అయినా సరే, తను చూసింది చూసినట్టు రాసిపెట్టాడు మహానుభావుడు. ఈ అమ్మాయి సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఆ తర్వాత ముక్కలు ఒక్కొక్కటిగా దొరికాయి. 1890లలో ఇంగ్లండులో జార్జ్ ఆలివర్, ఎడ్వర్డ్ షేఫర్ కలిసి అడ్రినల్ గ్రంథి రసాన్ని జంతువులకి ఎక్కిస్తే బీపీ జివ్వుమని లేస్తుందని చూపించారు. 1900లో న్యూయార్కులో జపాను శాస్త్రవేత్త జోకిచి తకమినే, తన సహాయకుడు కీజో ఉయెనకాతో కలిసి ఆ రసంలోంచి అసలు పదార్థాన్ని స్ఫటికాలుగా విడదీశాడు. అదే అడ్రినలిన్. 1912లో లుడ్విగ్ పిక్ అనే జర్మన్ ఈ గడ్డకి నోరు తిరగని పేరు పెట్టాడు. గ్రీకులో ఫయోస్ అంటే మసక, క్రోమా అంటే రంగు. క్రోమియం లవణాలు తగిలితే ఈ కణాలు నల్లబడతాయి, అదీ పేరు వెనకాల కథ. 1922లో ఫ్రాన్సులో లబ్బే, టినెల్, డూమెర్ అనే ముగ్గురు డాక్టర్లు అసలు లంకె వేశారు: వచ్చి పోయే ఈ బీపీకీ, అడ్రినల్ గడ్డకీ సంబంధం ఉందని.

ఇక ఆపరేషన్లు. 1926లో స్విట్జర్లాండు లోని లొసాన్‌లో సెజార్ రూ, ఆ తర్వాత కొద్దికాలానికే అమెరికాలోని రాచెస్టర్‌లో ఛార్లెస్ మేయో ఇలాంటి గడ్డల్ని తీసేశారు, రోగులు బతికి బట్టకట్టారు. కాకపోతే ఇద్దరికీ కడుపు కోసే ముందు లోపల ఏముందో తెలీదు! కోసి చూస్తే గడ్డ కనిపించింది, తీసేశారు. ముందుగా జబ్బు ఇదీ అని చెప్పి, ఆ తర్వాత ఆపరేషను చేయించింది 1929లో బాల్టిమోర్‌లో. పింకాఫ్స్ అనే డాక్టరు లక్షణాలు చూసి గుర్తుపట్టాడు, షిప్లీ అనే సర్జను గడ్డ తీశాడు. రక్తపరీక్ష లేదు, స్కాను లేదు. కేవలం రోగి చెప్పింది శ్రద్ధగా వినడం. పరీక్షల చరిత్ర రాస్తూ ఈ మాట మర్చిపోతే పాపం తగులుతుంది.

అయితే అందరూ పింకాఫ్స్‌లు కాలేరు కదా. ఏదో ఒక పరీక్ష కావాలి. దాడి వచ్చినప్పుడు రోగి మన ఎదురుగా ఉండడు, మన ఎదురుగా ఉన్నప్పుడు దాడి రాదు. అప్పుడు డాక్టర్లు ఏం చేశారో తెలుసా? మనం చేసేదే. బగ్గు దానంతటది రాకపోతే మనమే రప్పిద్దాం అనుకున్నారు. 1945లో మేయో క్లినిక్కులో రాత్, క్వేల్ అనే ఇద్దరు హిస్టమిన్ పరీక్ష పెట్టారు. రోగికి కొంచెం హిస్టమిన్ ఎక్కిస్తే గడ్డ రెచ్చిపోతుంది, బీపీ లేస్తుంది, దొంగ దొరికిపోతాడు. దీనికి రివర్సు పరీక్షలు కూడా వచ్చాయి. బీపీ ఎక్కువగా ఉన్నప్పుడు అడ్రినలిన్ పనిని అడ్డుకునే మందు ఇస్తే, ఈ గడ్డ ఉన్నవాళ్ళకి బీపీ ధడాలున పడిపోతుంది. 1947లో పైపరాక్సాన్ అనే మందుతో, ఆ తర్వాత ఫెంటాలమిన్‌తో ఇలా చేసేవారు.

ఆలోచన తెలివైనదే. కానీ ఇది ప్రొడక్షన్ సర్వరు మీద లోడ్ టెస్టింగ్ చేయడం లాంటిది. ఆ సర్వరేమో బతికున్న మనిషి. బీపీ ఎక్కడిదాకా ఎగురుతుందో, ఎక్కడిదాకా పడుతుందో ముందే చెప్పలేం. పరీక్ష చేస్తుండగానే రోగి ప్రాణం పోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పైగా ఫలితం కూడా నికరం కాదు. గడ్డ లేనివాళ్ళకి ఉన్నట్టు, ఉన్నవాళ్ళకి లేనట్టు చూపించేది. అయినా కొన్ని దశాబ్దాలపాటు ఇవి నడిచాయి. అంతకన్నా మంచిది లేకపోతే ఎవరైనా ఏం చేస్తారు?

ఇక్కడ కథ స్వీడనుకి మారుతుంది. ఉల్ఫ్ ఫాన్ అయిలర్ అనే శాస్త్రవేత్త 1946లో, మన సింపథెటిక్ నరాలు సందేశాలు పంపడానికి వాడే పదార్థం నోరడ్రినలిన్ అని తేల్చాడు. ఈయన ఒక ప్రశ్న వేసుకున్నాడు. ఈ హార్మోన్లు రక్తంలో ఒకటి రెండు నిమిషాల్లోనే సగానికి పడిపోతాయి, సరే. మరి వాటిలో కొంతైనా ఒంట్లోంచి బయటికి పోవాలి కదా, ఎక్కడికి పోతుంది? మూత్రంలోకి. రక్తం అంటే ఆ క్షణం ఫోటో. మూత్రం అంటే రోజంతటి రికార్డు. మధ్యాహ్నం రెండింటికి దాడి వచ్చి రెండుంపావుకి పోయినా, దాని వాటా సాయంత్రం డబ్బాలో ఉంటుంది. 1950లో ఎంగెల్, ఫాన్ అయిలర్ కలిసి లాన్సెట్ పత్రికలో ఈ గడ్డ ఉన్న రోగుల మూత్రంలో ఈ హార్మోన్లు విపరీతంగా ఉన్నాయని రాశారు. రోగిని రెచ్చగొట్టక్కర్లేదు, పడగొట్టక్కర్లేదు. డబ్బా ఇచ్చి ఇంటికి పంపితే చాలు. నా లెక్కలో ఈ కథలో మొదటి పెద్ద మలుపు ఇదే.

అప్పట్లో దాన్ని కొలిచిన పద్ధతి వింటే ముచ్చటేస్తుంది. మెషీన్లు లేవు. మూత్రంలోంచి తీసిన సారాన్ని పిల్లికి ఎక్కించి దాని బీపీ ఎంత పెరిగిందో చూసేవారు. అదే సారాన్ని కోడి పేగు ముక్క మీద వేసి అది ఎంత వదులైందో చూసేవారు. రెండూ ఎందుకంటే, పిల్లి బీపీని నోరడ్రినలిన్ కాస్త ఎక్కువ పెంచుతుంది, కోడి పేగుని అడ్రినలిన్ చాలా ఎక్కువ వదులు చేస్తుంది. రెండు కొలతలు, రెండు తెలియని రాశులు. ఇంటర్ మొదటి సంవత్సరం సమీకరణాలే! ఆ తర్వాత ఈ పదార్థాలని మెరిసేలా చేసి వెలుగుని కొలిచే రసాయన పద్ధతులు వచ్చాయి, పిల్లులు బతికిపోయాయి.

అన్నట్టు ఈ 24 గంటల మూత్రం పరీక్ష చేయించుకున్నవాళ్ళకి తెలుస్తుంది, ల్యాబువాళ్ళు ఇచ్చే డబ్బా అడుగున తరచు కొంచెం ఆమ్లం ఉంటుంది, ఒలికించొద్దని మరీ మరీ చెప్తారు. ఈ హార్మోన్లు ఆమ్లంలో నిలుస్తాయి, లేకపోతే గాలి తగిలి పాడైపోతాయి. ఇంకో తిరకాసు ఉంది. పొద్దున లేచాక మొదటి మూత్రం వదిలేసి, అక్కణ్ణించి మర్నాడు పొద్దున మొదటిదానితో కలిపి అన్నీ పట్టాలి. ఆఫీసులో ఒక్కసారి మర్చిపోయినా లెక్క తప్పుతుంది. రికార్డు ఎంత గొప్పదైనా మధ్యలో నాలుగు లైన్లు ఎగిరిపోతే ఏం లాభం?

రెండో మలుపు 1957లో. ఈసారి హీరో జూలియస్ ఆక్సెల్‌రాడ్. ఈయన కథ చెప్పకుండా ఉండలేను. న్యూయార్కులో పేద వలస కుటుంబం, తండ్రి బుట్టలు అల్లేవాడు. మెడికల్ కాలేజీల్లో సీటు రాలేదు. ఒక ల్యాబులో ఆహారంలో విటమిన్లు కొలిచే ఉద్యోగంలో చేరాడు. అక్కడ అమ్మోనియా సీసా పేలి ఒక కన్ను పోయింది. పీహెచ్‌డీ వచ్చేసరికి నలభై దాటాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేస్తుండగా, ఆర్మ్‌స్ట్రాంగ్, మెక్‌మిలన్ అనే ఇద్దరు రాసిన ఒక చిన్న సారాంశం ఆయన కంటపడింది. ఈ గడ్డ ఉన్న రోగుల మూత్రంలో ఒక కొత్త ఆమ్లం బోలెడంత ఉందని అందులో ఉంది. దాని పేరు పొట్టిగా వీఎంఏ. ఆ అణువుని చూడగానే ఆక్సెల్‌రాడ్‌కి ఒకటి తట్టింది: దీనికి ఒక మిథైల్ తోక అదనంగా ఉంది, అంటే ఒంట్లో ఏదో ఎంజైము అడ్రినలిన్‌కి ఈ తోక తగిలిస్తోందన్నమాట. వెతికి ఆ ఎంజైముని పట్టుకున్నాడు. దాన్ని సీఓఎంటీ అంటారు. అడ్రినలిన్‌కి ఆ తోక తగిలితే వచ్చేదానికి మెటానెఫ్రిన్ అని, నోరడ్రినలిన్‌కి తగిలితే వచ్చేదానికి నార్‌మెటానెఫ్రిన్ అని పేర్లు పెట్టారు. ఆక్సెల్‌రాడ్, ఫాన్ అయిలర్ ఇద్దరికీ, ఇంకో శాస్త్రవేత్త బెర్నార్డ్ కాట్జ్‌తో కలిపి 1970లో నోబెల్ వచ్చింది. ర్యాంకుల పిచ్చిలో పెరిగిన మనం ఈయన కథ కొంచెం ఎక్కువసార్లు చదువుకోవాలి.

దీంతో కొలవడానికి మూడు రకాల సరుకు తయారైంది. ఒకటి అసలు హార్మోన్లు. రెండు, మధ్యలో వచ్చే మెటానెఫ్రిన్లు. మూడు, చివర్లో మిగిలే వీఎంఏ. మూడింట్లో కొలవడానికి ఒంట్లో బోలెడంత దొరికేదీ, చౌకదీ వీఎంఏ. కాబట్టి సహజంగానే దాన్నే పట్టుకున్నారు. దశాబ్దాల పాటు ఎక్కడ చూసినా వీఎంఏ పరీక్షే. దాంట్లో ఒక తమాషా ఉంది. వీఎంఏ వెనీలాకి చుట్టం. పాత పద్ధతుల్లో రంగుని బట్టి కొలిచేవారు కాబట్టి, రోగిని అరటిపండు తినొద్దు, కాఫీ తాగొద్దు, చాక్లెట్టు వద్దు, వెనీలా ఐస్‌క్రీము అసలే వద్దు అనేవారు. తింటే లేని జబ్బు రిపోర్టులో కనపడుతుంది మరి. 1960లో పిసానో అనే శాస్త్రవేత్త మెటానెఫ్రిన్లని సులువుగా కొలిచే పద్ధతి కనిపెట్టాడు. అదీ వాటిని వెనిలిన్‌గా మార్చి కొలవడమే!

ఇక్కడ కాసేపు ఆగాలి. పరీక్షలైతే వచ్చాయి, మరి జబ్బు దొరికిందా? మేయో క్లినిక్కు వాళ్ళు 1928 నుంచి 1977 దాకా తమ దగ్గర జరిగిన శవపరీక్షల్ని తిరగేసి 1981లో ఒక లెక్క ప్రకటించారు. ఈ గడ్డ కనిపించినవాళ్ళు 54 మంది. అందులో 41 మందికి బతికుండగా ఎవరూ గుర్తుపట్టలేదు. నూటికి 76 మంది! అది కూడా ఈ జబ్బు గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన చోట.

అంతకన్నా విచిత్రం ఐసన్‌హోవర్ సంగతి. అమెరికా అధ్యక్షుడు, బీపీ ఉంది, 1955లో మొదటి గుండెపోటు, ఆ తర్వాత ఇంకా కొన్ని. ఆ దేశంలో అంతమంది డాక్టర్లు అన్నిసార్లు చూసిన మనిషి ఇంకొకరు ఉండి ఉండరు. 1969లో ఆయన చనిపోయాక శవపరీక్ష చేస్తే ఎడమ అడ్రినల్‌లో ఒకటిన్నర సెంటీమీటర్ల ఫియోక్రోమోసైటోమా బయటపడింది. ఆయన జబ్బుకి అదే కారణమా అంటే తేల్చి చెప్పలేం. కానీ అది అక్కడ ఉందని ఆయన బతికుండగా తేలలేదు, అది మాత్రం నిజం. దేశాధ్యక్షుడికే దిక్కులేకపోతే మామూలు మనుషుల మాటేమిటి?

ఎక్కడ తేడా కొట్టింది? ఒక కారణం, అసలు ఈ జబ్బు ఉండొచ్చని ఎవరికీ తట్టకపోవడం. ఇంకోటి, కొలుస్తున్న సరుకు. 1970లు, 80లలో మెషీన్లు బ్రహ్మాండంగా బాగుపడ్డాయి. ద్రవాన్ని సన్నటి గొట్టంలోంచి పంపి దేనికది విడదీసే హెచ్‌పీఎల్‌సీ వచ్చింది. రక్తంలో గ్రాములో వెయ్యికోట్లో వంతు ఉన్నా అసలు హార్మోన్లని కొలవగలిగారు. 1981లో క్లీవ్‌లాండులో బ్రేవో బృందం క్లోనిడిన్ పరీక్ష పెట్టింది. క్లోనిడిన్ మాత్ర వేస్తే నరాలు నోరడ్రినలిన్ వదలడం తగ్గిస్తాయి, గడ్డ మాత్రం ఎవరి మాటా వినదు. మాత్ర వేశాక కూడా తగ్గకపోతే దొంగ గడ్డేనన్నమాట. రెచ్చగొట్టే పరీక్షతో పోలిస్తే ఎంత మర్యాదగా ఉందో చూడండి! అయినా మూల సమస్య అలాగే ఉంది. గడ్డ నిద్రపోతున్నప్పుడు రక్తం తీస్తే హార్మోన్లు మామూలుగానే ఉంటాయి. వీఎంఏ ఇంకో రకం. అది ఎక్కువభాగం తయారయ్యేది కాలేయంలో, అదీ నరాలు రోజూ మామూలుగా వదిలే సరుకులోంచి. ఆ గోలలో చిన్న గడ్డ గొంతు ఎవరికి వినపడుతుంది?

మూడో మలుపు 1990లలో వచ్చింది. గ్రేమ్ ఐసన్‌హోఫర్, జాక్ లెండర్స్, వాళ్ళ సహచరులు ప్రశ్ననే మార్చేశారు. అప్పటిదాకా అందరి ప్రశ్న "దాడి వచ్చినప్పుడు గడ్డ ఏం వదులుతుంది?" అని. వీళ్ళ ప్రశ్న "దాడి లేనప్పుడు గడ్డ ఏం చేస్తుంటుంది?" అని. సమాధానం భలే ఉంటుంది. గడ్డ కణాల్లో హార్మోన్లు చిన్న చిన్న సంచుల్లో ఉంటాయి. ఆ సంచులు ఎప్పుడూ కొద్దికొద్దిగా కారుతూనే ఉంటాయి. కారినదాన్ని అదే కణంలో ఉన్న ఆక్సెల్‌రాడ్ ఎంజైము పట్టుకుని మెటానెఫ్రిన్‌గా మార్చేస్తుంది. అది రక్తంలోకి నిరంతరం జారుతూ ఉంటుంది. పగలూ రాత్రీ, దాడి ఉన్నా లేకపోయినా. పైగా సింపథెటిక్ నరాల్లో ఈ ఎంజైము లేదు, కాబట్టి అటునుంచి వచ్చే గోల తక్కువ. దొంగతనం ఎప్పుడో చేస్తాడు గానీ, దొంగ రోజూ ఆ వీధిలో నడుస్తూనే ఉంటాడు. దొంగతనం చేస్తుండగా పట్టుకోవాలని ఇన్నేళ్ళు కాపలా కాశారు. అడుగుజాడలు చూస్తే సరిపోయేది.

1995లో వాళ్ళు ఈ సంగతి ప్రకటించారు. 2002లో అమెరికా వైద్య సంఘం పత్రికలో పెద్ద లెక్క వచ్చింది. గడ్డ ఉన్నవాళ్ళు 214 మంది, లేనివాళ్ళు 644 మంది. గడ్డ ఉన్న వందమందిలో ఎంతమందిని ఏ పరీక్ష పట్టుకుందో చూడండి. మూత్రంలో వీఎంఏ 64. మూత్రంలో మొత్తం మెటానెఫ్రిన్లు, అంటే పిసానో తరహా, 77. రక్తంలో హార్మోన్లు 84. మూత్రంలో హార్మోన్లు 86. మూత్రంలో మెటానెఫ్రిన్లని విడివిడిగా కొలిస్తే 97. రక్తంలో మెటానెఫ్రిన్లు 99. నూటికి 36 మందిని వదిలేసే పరీక్షని మనం దశాబ్దాలపాటు నమ్ముకున్నామన్నమాట. కారణం? కొలవడం తేలిక కాబట్టి. మన డాష్‌బోర్డుల్లో కూడా అంతే కదండీ, కొలవాల్సింది కాదు, కొలవగలిగింది పెడతాం. తర్వాత పచ్చలైటు చూసి మురిసిపోతాం.

మరి ఇక శుభం కార్డు వేసేద్దామా? ఆగండి, నాణేనికి రెండో వైపు ఉంది. అదే రక్తపరీక్ష గడ్డ లేని వందమందిలో 89 మందికి లేదని సరిగ్గా చెప్పింది, మిగతా 11 మందికి ఉందేమో అని భయపెట్టింది. 11 శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. బీపీ ఉన్నవాళ్ళలో ఈ గడ్డ ఉండేది నూటికి 0.2 నుంచి 0.6 మందికి. ఒక వెయ్యిమంది బీపీ రోగులందరికీ ఈ పరీక్ష చేశామనుకుందాం. గడ్డ ఉన్నవాళ్ళు 5 మంది, అయిదుగురూ దొరికారు, సంతోషం. మిగతా 995 మందిలో 11 శాతం అంటే 109 మందికి దొంగ అలారం. మొత్తం 114 పాజిటివ్‌లు, అందులో నిజం 5. అంటే రిపోర్టు పాజిటివ్ వచ్చినా నిజంగా గడ్డ ఉండే అవకాశం నూటికి అయిదు కూడా లేదు. మిగిలిన వాళ్ళందరికీ స్కాన్లు, నిద్రలేని రాత్రులు, బిల్లులు.

ఇప్పుడు అదే పరీక్షని లక్షణాలు బాగా కలిసిన వెయ్యిమందికి మాత్రమే చేశామనుకోండి. అందులో నూటికి పదిమందికి గడ్డ ఉందనుకుందాం. నిజంగా ఉన్న వందమందిలో 99 మంది దొరుకుతారు. లేని 900 మందిలో 99 మందికి దొంగ అలారం. పాజిటివ్ వస్తే నిజమయ్యే అవకాశం సగానికి సగం. మెషీను అదే, రసాయనం అదే. మారింది ఒక్కటే, ఎవరిని పరీక్షించామన్నది. 1929లో పింకాఫ్స్ రోగి మాట శ్రద్ధగా విన్నాడని చెప్పాను చూడండి, ఆ వినడం విలువ ఎంతో ఈ రెండు లెక్కల మధ్య తేడా చూస్తే తెలుస్తుంది.

రక్తం తీసే తీరు కూడా ముఖ్యమే. మనిషి లేచి కూర్చుంటే చాలు, నరాలు నోరడ్రినలిన్ పెంచుతాయి, దానితోపాటు నార్‌మెటానెఫ్రిన్ కూడా పెరుగుతుంది. అందుకే కనీసం ఇరవై ముప్పై నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి రక్తం తీయడం మంచి పద్ధతి. 2014లో వచ్చిన ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు కూడా పడుకోబెట్టి తీయమనే చెప్తాయి. మొదటి పరీక్షగా రక్తంలో మెటానెఫ్రిన్లు గానీ, మూత్రంలో విడివిడిగా మెటానెఫ్రిన్లు గానీ ఏదైనా సరేనంటాయి. డిప్రెషనుకి ఇచ్చే కొన్ని పాతరకం మందులు వాడుతుంటే కూడా అంకె పెరగొచ్చు. అంకె గీత దాటి కొంచెం పైన ఉంటే ఒక అర్థం, మూడు నాలుగు రెట్లు ఉంటే ఇంకో అర్థం. ట్రాఫిక్కులో రెండు గంటలు ఈది, ల్యాబులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపిన మనిషి రక్తంలో అంకె కొంచెం ఎక్కువుంటే, అది గడ్డ కన్నా ఎక్కువగా మన ఊరి గురించి చెప్తుంది.

నా గోలంతా దేనికంటే, ఈ చరిత్ర మనకి రెండు వైపులా వాత పెడుతోంది. ఒకవైపు మన ఆఫీసుల్లో ఎవరికి ఏమొచ్చినా "స్ట్రెస్" అని కొట్టిపారేసే అలవాటు. స్ట్రెస్ నిజమే, చాలాసార్లు కారణం కూడా అదే. కానీ తలనొప్పి, చెమట, దడ మూడూ కట్టగట్టుకుని ఉన్నట్టుండి వచ్చి పోతుంటే, చిన్న వయసులో విపరీతమైన బీపీ ఉంటే, మూడు రకాల మందులు మింగినా బీపీ లొంగకపోతే, వేరే దేనికో తీసిన స్కానులో అడ్రినల్ మీద గడ్డ కనిపిస్తే, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, అప్పుడు డాక్టర్ని అడగడానికి మొహమాటపడకూడదు. రెండోవైపు, బోనసు వచ్చింది కదా అని "ఫుల్ బాడీ చెకప్" ప్యాకేజీలో ఎన్ని ఎక్కువ పరీక్షలుంటే అంత లాభం అనుకునే అలవాటు. పరీక్ష అంటే ఒక ప్రశ్న. ప్రశ్న లేకుండా జవాబు కొనుక్కుంటే, ఆ జవాబు మనకి అర్థం కాదు సరికదా, నిద్ర చెడగొడుతుంది.

ఇప్పుడు ఫ్రైబుర్గ్ అమ్మాయి దగ్గరికి వద్దాం. ఇటీవలి దశాబ్దాల్లో తేలినదాన్ని బట్టి, ఈ గడ్డ వచ్చినవాళ్ళలో కనీసం మూడోవంతు మందికి అది వంశపారంపర్యంగా వచ్చిన జన్యులోపం వల్లే. ఈ సంగతి తెలిశాక, అదే ఫ్రైబుర్గ్‌లో హార్ట్‌మూట్ నాయ్‌మాన్ అనే డాక్టరు బృందానికి 1886 నాటి కేసు మీద అనుమానం వచ్చింది. రెండు వైపులా గడ్డలు, పద్దెనిమిదేళ్ళ వయసు, ఇది వంశంలో ఉన్నదే అయ్యుంటుందని. ఆ కుటుంబం ఆచూకీ తీశారు. బతికున్న బంధువుల్లో ఆర్ఈటీ అనే జన్యువులో లోపం కనిపించింది. 2007లో ఆ సంగతి ప్రకటించారు. ఆ కేసు రాసిపెట్టిన 121 ఏళ్ళకి ఆ అమ్మాయి జబ్బు అసలు కారణం తెలిసిందన్నమాట. రూట్ కాజ్ ఎనాలిసిస్‌కి ఇంతకన్నా ఎక్కువ టైము తీసుకున్న టికెట్టు నేనెక్కడా చూళ్ళేదు.

ఇది ఎవరో ముచ్చట కోసం చేసిన పని కాదండోయ్. ఆ జన్యువు ఉందని తెలిసినవాళ్ళు ఏడాదికోసారి రక్తం ఇచ్చి మెటానెఫ్రిన్ చూపించుకుంటారు. గడ్డ మొలకెత్తినా చిన్నగా ఉండగానే దొరుకుతుంది, ముందు మందులతో బీపీని అదుపు చేసి, తర్వాత తీసేస్తారు. 1886లో ఆ అమ్మాయికి ఏం జరిగిందో ఒక డాక్టరు శ్రద్ధగా రాసిపెట్టాడు కాబట్టి, ఆ కాగితం పోకుండా ఉంది కాబట్టి, ఆమె వంశంలో వాళ్ళకి ఈ అవకాశం దొరికింది. ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన లాగ్ ఎవరికి పనికొస్తుందిలే అని విసుక్కునేవాళ్ళు మన టీముల్లో చాలామందే ఉంటారు. వాళ్ళకి ఈ కథ చెప్పండి.

అదండీ సంగతి. ఇప్పుడు ఒక్కసారి ఫియోక్రోమోసైటోమా అని గట్టిగా పలికి చూడండి, నోరు తిరిగిందా లేదా?